ఎటు కొలిచినా ఒకటే వెడల్పు

మొన్నటి చలికాలంలో మా చిన్నమ్మాయిని చూడడానికి కువైట్ వెళ్లాను. అది అక్కడ ఒక ఆసుపత్రి ల్యాబులో పనిచేస్తోంది. ఒక శుక్రవారం పొద్దున "నువ్వు పెరిగిన చోటు చూస్తావా అమ్మా" అని హవల్లీకి తీసుకుపోయింది. మేమున్న అయిదంతస్తుల బిల్డింగు లేదు. దాని చోట అద్దాల మేడ లేచింది, కింద సెల్‌ఫోన్ల దుకాణాలు. వెనక సందులో రొట్టెల బట్టీ ఉన్న చోట కార్లు నిలుపుకుంటున్నారు. నేను ఆ కార్ల మధ్యకు పోయి నిలబడ్డాను. "ఇక్కడేముండేది?" అని అడిగింది. "మీ అవ్వా తాతా కలిసి ఇక్కడ ఒక బుష్షు చేసినారు" అన్నాను. "బుష్షా?" అని నవ్వింది. ఇరాక్ సైన్యం వచ్చిన సంగతి, మేము బస్సుల్లో ఎడారి దాటి వచ్చిన సంగతి దానికి చిన్నప్పటినుంచీ చెబుతూనే ఉన్నాను. ఈ బుష్షు సంగతి మాత్రం ఎందుకో చెప్పలేదు. భయపడిన కథలు చెప్పినంత సులువుగా గర్వపడిన కథలు చెప్పుకోలేం కాబోలు. ఇప్పుడు నాకూ వయసు మీద పడుతోంది. చెప్పేస్తాను.

మా నాయన సుబ్బయ్యది రాజంపేట దగ్గర పల్లె. ఐటీఐలో టర్నరు పని, అంటే లేతు మిషను మీద ఇనుము తిప్పి కోసే పని నేర్చుకుని కువైట్ చేరి, అమ్ఘరాలో ఒక లేతు షాపులో కుదురుకున్నాడు. అమ్మ లలితమ్మ ప్రొద్దుటూరు మనిషి, లెక్కల్లో డిగ్రీ చేసి, ఆపైన టీచరు ట్రైనింగు అయింది. హవల్లీలో ఒక చిన్న ఇండియన్ స్కూల్లో లెక్కలు చెప్పేది. "చదువుకున్న పిల్లను ఇనుము గీకేవానికి ఇచ్చినారు" అని పెళ్లినాడు ఎవరో బంధువు అన్న మాట మా ఇంట్లో ఎప్పుడూ బయటికి రాలేదు. రాలేదు గాని ఎక్కడికీ పోలేదు కూడా. నాయన లెక్కల పుస్తకం తాకేవాడు కాదు. అమ్మ ఇనుము గురించి మాట్లాడేది కాదు. ఇద్దరూ ఎవరి గట్టు మీద వాళ్లు నడుస్తూ పద్నాలుగేండ్లుగా సంసారం సాఫీగా చేసుకొస్తున్నారు.

సాయంత్రం నాయన ఇంట్లోకి వచ్చే ముందే ఆయన వాసన వచ్చేది. కాలిన ఇనుము, మిషన్ ఆయిలు, దుమ్ము కలిసిన వాసన. తలుపు దగ్గరే చొక్కా విప్పి వేరే బకెట్లో వేసేవాడు. చేతులకు సబ్బు పూసి, దాని మీద గుప్పెడు చక్కెర చల్లుకుని రుద్దేవాడు. అట్లా రుద్దితే గోళ్ల సందుల్లో నలుపు పోతుందని ఆయన నమ్మకం. "చక్కెర తినేదానికా, తోముకునేదానికా?" అని అమ్మ రోజూ అనేది. ఆయన రోజూ నవ్వేవాడు. ఆయన ఆస్తి అంతా ఒక మైక్రోమీటరు. సన్నటి వెంట్రుక మందం కూడా చెప్పే కొలత సాధనం అది. మఖమలు పరిచిన డబ్బాలో, దేవుని పటాల పక్కనే ఉండేది. ఆయుధపూజ నాడు కుంకుమబొట్టు పడేది దానికే. "మనిషి అబద్ధమాడతాడు, కొలత ఆడదు" అనేవాడు. టీ తాగుతూ ఎప్పుడైనా నా వెంట్రుక ఒకటి తీసి కొలిచి, "నీ వెంట్రుక మీ అమ్మదానికన్నా లావు" అని తీర్పు చెప్పేవాడు.

నాకు పద్నాలుగో ఏడు నడుస్తుండగా, ఆగస్టు మొదట్లో ఒక గురువారం తెల్లవారేసరికి ఊరు మారిపోయింది. వీధి చివర టాంకులు నిలబడి ఉన్నాయి. నాయన కఫీల్, అంటే షాపు యజమాని, కుటుంబంతో సరిహద్దు దాటి సౌదీ పోయాడు. అమ్మ స్కూలు ప్రిన్సిపాలు సెలవులకు ఇండియా పోయినవాడు అక్కడే ఉండిపోయాడు. మొదటివారం మేము కిటికీలకు దుప్పట్లు కట్టుకుని రేడియో వింటూ గడిపాం. రెండోవారానికి బిల్డింగులో పిల్లలకు పిచ్చెక్కేటట్టయింది. ఎవరు తలుపు గట్టిగా వేసినా ఏడుపు. అప్పుడు అమ్మ మా హాల్లో సోఫా గోడకు జరిపి, తలుపుకు నల్లరంగు అట్ట తగిలించి, చాక్‌పీసు తీసుకుంది. పక్క ఫ్లాట్ల నుంచి పన్నెండుమంది పిల్లలు వచ్చేవాళ్లు. తెలుగువాళ్లు, మలయాళీలు, పాలస్తీనావాళ్లు ఇద్దరు. మా ఎదురింట్లో నర్సు మేరీ ఆంటీ ఉండేది. నరసాపురం మనిషి, పెళ్లి చేసుకోలేదు. డ్యూటీ లేని పూట ఆమె కూడా వచ్చి వెనక కూర్చునేది. "నాకు లెక్కలంటే చిన్నప్పట్నుంచీ జ్వరమండి టీచరుగారూ. ఈ తుపాకుల చప్పుడు కంటే నయమని వచ్చేత్తన్నాను" అనేది.

ఆ క్లాసుల్లో పరీక్షకు వచ్చే లెక్క ఒక్కటీ చెప్పలేదు అమ్మ. పరీక్షే లేదు గదా. తనకు ఇష్టమైనవి చెప్పింది. ఒకరోజు వేరే అట్టముక్క మీద సమభుజ త్రిభుజం గీసి, ఒక మూల మీద వృత్తలేఖిని ముల్లు పెట్టి, మిగతా రెండు మూలలను కలుపుతూ చాపం గీసింది. అట్లా మూడు మూలల నుంచీ మూడు చాపాలు. కత్తిరిస్తే ఉబ్బిన త్రిభుజంలాంటి ముక్క వచ్చింది. దాన్ని రెండు స్కేళ్ల మధ్య పెట్టి దొర్లించింది. ఎట్లా తిప్పినా పై స్కేలు, కింది స్కేలు రెండూ దాన్ని తాకుతూనే ఉన్నాయి, స్కేళ్ల మధ్య దూరం పెరగలేదు, తగ్గలేదు.

"టీచర్, ఇది చక్రమా, త్రిభుజమా?" అని అడిగాడు ఒక మలయాళీ పిల్లాడు.

"రెండూ కాదు నాయనా. ఎటు కొలిచినా ఒకటే వెడల్పు. కానీ గుండ్రం కాదు."

తర్వాత అలాంటి ముక్కలను మందపాటి అట్టతో చేయించి, అంచుల మీద నిలబెట్టి, వాటి మీద పళ్లెం పెట్టి, పళ్లెంలో నిండా నీళ్ల గ్లాసు పెట్టి తోయించింది. పళ్లెం కింద ముక్కలు మూలలు మూలలుగా దొర్లాయి గాని గ్లాసులో నీళ్లు తొణకలేదు. పిల్లలు చప్పట్లు కొట్టారు. ఆ వారం మొదటిసారి అది. వీధిలో మురుగుకాలువ మూతలు గుండ్రంగా ఎందుకుంటాయో చెప్పింది. చదరపు మూత ఐమూలగా తిరిగితే లోపల పడుతుంది, గుండ్రటిది ఎట్లా తిప్పినా పడదు, ఈ మూలల మూత కూడా పడదు. ఎవరో ఇచ్చిన ఇంగ్లండు నాణెం ఒకటి తన డబ్బాలోంచి తీసింది. దానికి ఏడు అంచులు. డబ్బు వేస్తే టికెట్టు ఇచ్చే మిషన్లు నాణెం వెడల్పు చూసి గుర్తుపడతాయట, ఏడంచులదైనా వెడల్పు మారదు కాబట్టి ఎటు తిరిగి పడినా మిషను ఒప్పుకుంటుందట. నాయన వంటింటి గుమ్మంలో నిలబడి అంతా చూసి, "బాగుండాది ఆట" అని లోపలికి పోయాడు.

మా సందు వెనక బట్టీ అబూ సలీం అనే పాలస్తీనా పెద్దాయనది. వీధి మొత్తం ఆయన ఖుబూస్ రొట్టెలే తినేది. ఆయన దగ్గర పనిచేసే ఈజిప్టువాళ్లు మొదటివారమే ఊరికి బయలుదేరిపోయారు. పిండి ఉంది. పిండి పిసికే మిషను ఉంది. పెద్ద ఇనప గంగాళం, దాంట్లో తిరిగే ఒక చెయ్యి. ఆ చెయ్యి తిరిగే ఇరుసు కంచు బుష్షులో కూర్చుంటుంది, బుష్షంటే ఇరుసును పట్టుకునే కడియం లాంటిది. ఉన్నట్టుండి ఆ బుష్షు అరిగి పగిలిపోయింది. సామాన్ల దుకాణాలన్నీ అప్పటికే లూటీ అయ్యాయి. అబూ సలీం, ఆయన కోడలు చేతులతో పిసికితే పూటకు యాభై అరవై మందికి సరిపోయేది. క్యూలో నాలుగు వందలమంది. ఎండలో నిలబడి, వంతు రాకముందే అయిపోతే, ముసలివాళ్లు ఖాళీ సంచులు మడుచుకుని వెనక్కి పోవడం నేను కళ్లారా చూశాను. అమ్మ, మేరీ ఆంటీ, బిల్డింగులో ఇంకో నలుగురు ఆడవాళ్లు పొద్దున్నే పోయి పిసికి వచ్చేవాళ్లు. అమ్మ చేతులు మోచేతుల దాకా వాచిపోయాయి.

నాయన ఒకరోజు అబూ సలీం రొట్టెల వ్యానులో అమ్ఘరా పోయి వచ్చాడు. దారిలో మూడు చోట్ల ఆపారట. షాపులో పెద్ద మిషన్లు నాలుగూ ఎత్తుకుపోయారు. మూల పడి ఉన్న పాత చిన్న లేతు ఒక్కటి మిగిలింది, దాన్ని ఎవరూ పట్టించుకోలేదు. దాన్ని వ్యానులో వేసి, పైన పిండి బస్తాలు పేర్చి తెచ్చాడు. తుక్కులో ఒక పాత పంపుకు చెందిన కంచు కడియాలు రెండు దొరికాయి. బయటి కొలత మిషనుకు సరిగ్గా సరిపోయేవే, లోపలి బెజ్జం మాత్రం పెద్దది చేసుకోవాలి. అంటే కడియం పలుచనైపోతుంది. ఉన్నవి రెండే రెండు. ఒకటి పోతే ఇంకొకటి, అంతే.

లేతును బట్టీ వెనక స్టోరు గదిలో బిగించిన రోజే ఒక ఇరాకీ ఆఫీసరు రొట్టె కోసం వచ్చి దాన్ని చూశాడు. మిషన్లన్నీ ఇరాక్ లోని బస్రాకు పోవాలి, రేపు లారీ పంపుతాను అన్నాడు. అబూ సలీం ఆయన ముందు చేతులు కట్టుకుని నిలబడ్డాడు. ఇది పోతే రొట్టె లేదు, నీ మనుషులు కూడా ఇక్కడే తింటున్నారు అని చెప్పాడు. ఆఫీసరు "మూడు రోజులు. మూడో రోజు వస్తాను. రొట్టె కనపడాలి. లేకపోతే ఖలాస్" అని పోయాడు.

నాయన మరునాడే మొదటి కడియం చక్కులో బిగించాడు. చక్కు అంటే లేతుకు ముందు ఉండే పట్టు, మూడు దవడలతో వస్తువును కరిచి పట్టుకుంటుంది. తొందరలో గట్టిగా బిగించాడు. బెజ్జం తిప్పి నునుపు చేసి, రెండు కాళ్ల కాలిపరుతో ఆరు వైపుల నుంచీ లోపలి వెడల్పు పట్టి, ఆ కాళ్ల దూరాన్ని మైక్రోమీటరుతో కొలిచి కాగితం మీద రాసుకున్నాడు. ఆరూ ఒకటే. ఇరుసు కొలిచాడు. రెంటికీ మధ్య ఉండాల్సినంత సందు ఉంది. అయినా ఇరుసు లోపలికి పోవడానికి మొరాయించింది. "కొత్తది గదా, తిరిగే కొద్దీ సర్దుకుంటాది" అని చెక్క సుత్తితో మెల్లగా కొట్టి ఎక్కించాడు. మిషను తిరిగింది. క్యూలో జనం అరుపులు. అబూ సలీం కోడలు నాలుక మెలిపెట్టి ఆనందంగా కూత వేసింది. ఒక గంట తర్వాత కాలిన వాసన వచ్చింది. ఇరుసు బిగుసుకుపోయి, మోటారు మూలిగి, ఆగిపోయింది. గంగాళం నిండా సగం కలిసిన పిండి.

క్యూలో ఒక మనిషి "హిందీ ఇంజనీర్" అని, ఇండియా ఇంజనీరట అన్నట్టు, ఎగతాళిగా నవ్వాడు. అబూ సలీం నాయన భుజం మీద చెయ్యి వేసి "మాలేష్, యా సుబ్బా" అన్నాడు, ఫరవాలేదులే అని. ఆ మాటే నాయనను ఎక్కువ కాల్చింది. ఆడవాళ్లు కొంగులు చెక్కుకుని ఆ సగం పిండిని చేతులతో పిసకడం మొదలుపెట్టారు. నాయన బుష్షు ఊడదీసి గుడ్డలో చుట్టుకుని ఇంటికి వచ్చాడు. చేతులు కడుక్కోలేదు. అన్నం ముట్టలేదు.

అమ్మ బట్టీ నుంచి వచ్చి, గుడ్డ విప్పి, బుష్షును కిటికీ వెలుతురులో పెట్టి తిప్పి చూసింది. ఇనుము విషయంలో ఆమె వేలు పెట్టడం నేను చూడ్డం అదే మొదలు.

"మూడు చోట్లే కాలినాది సూడండి" అంది. "ఒకదానికొకటి సమాన దూరంలో."

"అయితే?"

"లోపల గుండ్రం లేదు."

నాయన తల ఎత్తాడు. "ఆరు తట్ల కొలిచినా. ఒక్క వెంట్రుకంత తేడా లేదు. నీకేం తెలుసు?"

"కొలత తప్పని నేను అనలేదు. ఎటు కొలిచినా ఒకటే వెడల్పు ఉండొచ్చు. అంతమాత్రాన గుండ్రం అయిపోదు. ఆ పొద్దు పిల్లోళ్లకు సూపిచ్చినా గదా."

"అది అట్టముక్క. ఇది కంచు. పలక మీద బొమ్మలు గీసేది వేరు, ఇరవై ఏండ్లు ఈ చేత్తో ఇనుము కోసింది వేరు." నాయన గొంతు అంత పెద్దది కావడం నేనెప్పుడూ వినలేదు. "సదువుకున్నదానివని నువ్వు కూడా అనేదానికి ఇన్నేండ్లు కాచుకోనుండావా?"

ఎవరో బంధువు పెళ్లినాడు అన్న మాట అప్పుడు బయటికి వచ్చింది. అమ్మ ముఖం పాలిపోయింది. ఎదురు తలుపులో మేరీ ఆంటీ వచ్చినది వచ్చినట్టే నిలబడిపోయింది. అమ్మ లేచి వంటింట్లోకి పోతుందనుకున్నాను. పోలేదు. నేల మీద ఆయన ఎదురుగా కూర్చుంది.

"మీ మైక్రోమీటరుకు ఎన్ని చేతులు?"

ఆయన పటాల పక్కనున్న డబ్బా వైపు చూశాడు.

"రెండే గదా, మీ కాలిపరుకూ రెండే. ఎదురెదురుగా రెండు చోట్లనే తాకుతాది. ఒక పక్క రవ్వంత ఉబ్బు ఉండి, దానికి సరిగ్గా ఎదురుగా అంతే పల్లం ఉంటే? రెండూ కలిపితే అదే కొలత వస్తాది. అట్ల మూడు ఉబ్బులు, మూడు పల్లాలు ఉంటే ఎన్నిసార్లు కొలిచినా మీకు తెలీదు. ఇరుసుకు మాత్రం తెలుస్తాది. అది మూడు చోట్లా తగులుకుంటాది. తప్పు మీది కాదు, మైక్రోమీటరుది కూడా కాదు. దానికి మూడో చెయ్యి లేదు, అంతే."

నాయన అట్టముక్కను చేతిలోకి తీసుకున్నాడు. రెండు స్కేళ్ల మధ్య పెట్టి తిప్పాడు. మైక్రోమీటరు తెచ్చి దానితో కూడా కొలిచాడు, అట్టను మైక్రోమీటరుతో కొలవడం ఆయన జీవితంలో అదొక్కసారే. తర్వాత బుష్షు తీసుకుని చెప్పులు వేసుకున్నాడు. అమ్మ కూడా లేచింది. ఇద్దరి వెనకా నేను.

స్టోరు గదిలో ఆ కాలిన బుష్షునే మళ్లీ చక్కులో పెట్టాడు. పొద్దున దవడలు కరిచిన గుర్తులు బయటివైపు సన్నగా ఉన్నాయి, వాటి మీదకే దవడలు తెచ్చి ఆనించాడు. లోపలి మూడు మచ్చలు సరిగ్గా దవడకూ దవడకూ నడుమ వచ్చాయి. మచ్చను వేలితో తాకాడు, దవడను తాకాడు, మళ్లీ మచ్చను తాకాడు.

"నేను గట్టిగా బిగిచ్చినప్పుడు దవడలు మూడు చోట్ల లోపలికి నొక్కినాయి" అన్నాడు మెల్లగా, లెక్క అప్పజెప్పే పిల్లాడిలా. "నొక్కిండేదాన్ని గుండ్రంగా కోసినా. వదిలేసినాక నొక్కిన చోట్లు బయటికి పాయ. నడిమి చోట్లు లోపలికొచ్చినాయి. పలుచటి కడియం గదా." ఆగి అమ్మ వైపు చూశాడు. "ఇది నా చేతి తప్పే లలితా."

ఆకారం ఏదో అమ్మకు తెలుసు, ఆ ఆకారం ఎట్లా పుట్టిందో ఆయనకే తెలుసు. ఒక్కరికే రెండూ తెలియవు. ఆ గదిలో, పిండి బస్తాల మధ్య, ఇద్దరి గట్లూ కలవడం నేను చూశాను.

మూడో రోజు పొద్దున్నే మొదలుపెట్టారు. నాయన మందపాటి ఇనప గొట్టం ముక్క ఒకటి తీసుకుని, లోపల కడియానికి సరిపడా తిప్పి, ఒకచోట నిలువునా చీల్చాడు. మిగిలిన రెండో కడియాన్ని ఆ గొట్టంలో పెట్టి, గొట్టాన్ని దవడలకు ఇచ్చాడు. ఇప్పుడు నొక్కుడు మూడు చోట్ల కాకుండా కడియం చుట్టూ పరుచుకుంటుంది. బిగింపు కూడా పసిబిడ్డను ఎత్తుకున్నట్టు. చివరి కోత ఉల్లిపొరంత పలుచగా తీశాడు. అంతా అయ్యాక మైక్రోమీటరు అందుకోబోయి ఆగాడు.

"దీనికి రెండు చేతులే. ఎట్ల సూసేది?"

అమ్మ నా వైపు తిరిగి "నీ కాటుక డబ్బీ పట్రా" అంది. నేను పరుగున పోయి తెచ్చాను. ఇరుసు చుట్టూ వేలితో కాటుక సన్నగా పూసింది. "ఇప్పుడు తోసి, ఒకసారి తిప్పి, బయటికి తీయండి. నలుపు ఎక్కడంటుకుంటే అక్కడ తగులుతాంది." ఇరుసు ఈసారి మొరాయించలేదు, నూనెలో వేలు దిగినట్టు దిగింది. తీసి చూస్తే లోపల నలుపు చుట్టూ ఉంది గాని ఒక పక్క కొంచెం ఎక్కువ. నాయన అక్కడ మెత్తగా గీకాడు. తుడిచి మళ్లీ పూశారు. నాలుగోసారికి లోపల అంతటా ఒకే పలుచటి మసి, మబ్బు లేని ఆకాశంలాగా ఎక్కడా ఎక్కువ తక్కువ లేకుండా. నాయన దాన్ని వెలుతురుకు పట్టి, అమ్మకు చూపించి, "సరిపోయిందా టీచర్?" అన్నాడు. వేళాకోళంగా అనలేదు. అమ్మ సరిపోయిందని తల ఊపి, ముఖం పక్కకు తిప్పుకుంది.

మిషను పది గంటలకు ఎత్తుకుంది. నాయన బుష్షు మీద అరచెయ్యి పెట్టి నిలబడ్డాడు. ఒక గంట. రెండు గంటలు. వేడెక్కలేదు. మధ్యాహ్నానికి నాలుగో గంగాళం పిండి బట్టీలోకి పోయింది. ఆఫీసరు చెప్పినట్టే వచ్చాడు. అబూ సలీం పొంగిన ఖుబూస్ ఒకటి ఆయన చేతిలో పెట్టాడు. నిలబడే తిన్నాడు. లేతు వైపు ఒకసారి చూశాడు, క్యూ వైపు చూశాడు, వెళ్లిపోయాడు. లారీ రాలేదు.

అబూ సలీం నాయనను వాటేసుకున్నప్పుడు నాయన చేసిన పని నేను ఇప్పటికీ మరిచిపోలేను. ఆయన విడిపించుకుని, వచ్చీరాని అరబ్బీలో, క్యూలో ఉన్నవాళ్లందరికీ వినబడేటట్టు చెప్పాడు. "మొదటిది కాలిపోయింది, గలత్ మాల్ అనా, తప్పు నాది. దాన్ని కనిపెట్టింది ఈమె. మదాం." అని అమ్మను చూపించాడు. నిన్న నవ్విన మనిషి కూడా క్యూలోనే ఉన్నాడు. అమ్మ పిండి చేతులతో, వాచిన మోచేతులతో, ఎటు చూడాలో తెలియక నిలబడింది. మేరీ ఆంటీ మాత్రం ఊరుకోలేదు. "ఆయ్, మా టీచరుగారంటే ఏవనుకున్నారు మరి!" అని తెలుగులో అరిచింది. ఒక్కరికీ అర్థం కాకపోయినా అందరూ నవ్వారు.

మేము ఇంకా మూడు వారాలున్నాం. సెప్టెంబరు చివర మన ప్రభుత్వం బస్సులు, విమానాలు ఏర్పాటు చేస్తే బస్రా, బాగ్దాదు మీదుగా జోర్డాను రాజధాని అమ్మాను చేరి, అక్కడినుంచి బొంబాయి వచ్చాం. మేరీ ఆంటీ తన రోగులను వదిలి రానంది. యుద్ధం అయిపోయాక ఆమె దగ్గర నుంచి ఉత్తరం వచ్చింది. కరెంటు పోయే రోజు దాకా ఆ మిషను తిరుగుతూనే ఉందట, బుష్షు మార్చలేదట. అబూ సలీం కుటుంబం తర్వాత కువైట్ విడిచిపోయిందని రాసింది. ఎక్కడికో ఆమెకూ తెలియదు. మాకూ ఎప్పటికీ తెలియలేదు.

నేను ఇరవై ఏండ్లకు పైగా పాలిటెక్నిక్‌లో కొలతల ల్యాబు చూస్తున్నాను. ఇప్పుడు గుండ్రం చూడడానికి మిషనుంది. వస్తువును బల్ల మీద పెట్టి మీట నొక్కితే తిరుగుతుంది, ఎక్కడ ఉబ్బో ఎక్కడ పల్లమో తెర మీద పెద్దదిగా గీసి చూపిస్తుంది. మంచిదే. నా విద్యార్థులు ఒక్క నిమిషంలో తేల్చేది మా ఇంట్లో మూడు రోజులు పట్టింది, ఒక కాపురం కదిలినంత పనైంది. కానీ తెర మీద మూడు మూలల బొమ్మ వచ్చినప్పుడు "ఇది ఎందుకొచ్చింది?" అని అడిగితే సగంమంది తెరనే చూస్తారు, చక్కును చూడరు. అప్పుడు నాకు కోపం రాదు. మా ఇంట్లో ఆ రెండూ చూసేందుకు ఇద్దరు మనుషులుండేవాళ్లు గదా అనుకుంటాను.

ఊరికి వచ్చాక నాయనకు ప్రొద్దుటూరులో బోరు పంపులు బాగుచేసే షాపులో పని దొరికింది. మొదటివారంలోనే అక్కడి టర్నర్లు ఆయన పద్ధతి చూసి ఆశ్చర్యపోయారట. ప్రతి పలుచటి బుష్షునూ చీల్చిన గొట్టంలో పెట్టి తిప్పడం, మసి పూసి చూడడం. "ఈ ఇద్దె యాడ నేర్చుకుంటివి సుబ్బయ్యా, కువైట్ షేకులు నేర్పినారా?" అని ఓనరు అడిగాడట. "మా ఇంటామె నేర్పింది" అన్నాడట నాయన. అందరూ పగలబడి నవ్వారట. ఆ సాయంత్రం ఇంటికి వచ్చి, "రేపు నువ్వు షాపుకు రావాల" అని అమ్మతో అన్నాడు. అమ్మ వద్దంటే వద్దంది. ఆడమనిషి పంపుల షాపుకు ఏం పనని రావాలి అంది. ఆయన వినలేదు.

మరునాడు నేనూ పోయాను. తొమ్మిదిమంది టర్నర్లు మిషన్లు ఆపి, గుడ్డలతో చేతులు తుడుచుకుంటూ గుమిగూడారు. అమ్మ అట్ట, కత్తెర, వృత్తలేఖిని తీసింది. మొదట నేల చూపులు చూస్తూ మాట్లాడింది. మొదటి చాపం గీసేసరికి టీచరైపోయింది. అట్టముక్క రెండు ఇనప పట్టీల మధ్య దొర్లినప్పుడు, ఆమె తండ్రి వయసున్న ఒక ముసలి టర్నరు ముందుకు వంగి, "అమ్మా, ఇంగోసారి తిప్పు" అన్నాడు. ఆ షాపులో కుర్చీలు లేవు, ఓనరుకు ఒకటి తప్ప. నాయన ఎవరినీ అడగకుండా లోపలికి పోయి ఆ కుర్చీ తెచ్చి అమ్మ వెనక వేశాడు. "కూసో, కాళ్లు నొచ్చుతాయి. తీరిగ్గా చెప్పు" అన్నాడు. అమ్మ కూర్చుంది. ఆయన మిగతావాళ్లతో కలిసి, చేతులు కట్టుకుని నిలబడి విన్నాడు.